పాలేరు దాటితే మన కారు పరాయిదా?

కోదాడ నుంచి ఆదిలాబాద్‌కు కాపురం మారిస్తే కారుకు కొత్తగా పన్ను పడదు. ఆర్టీఏ ఆఫీసులో అడ్రసు మార్పించుకుంటే సరిపోతుంది. కోదాడ నుంచి పాలేరు అవతల, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న జగ్గయ్యపేటకు మారిస్తే మాత్రం అదే కారుకు మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆదిలాబాద్ చేరాలంటే పొద్దంతా పడుతుంది. జగ్గయ్యపేటకు అరగంట దారి. మిర్యాలగూడ వాళ్ల గతీ అంతే. వాడపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన దాటి దాచేపల్లిలో ఇల్లు తీసుకుంటే, నిన్నటిదాకా పన్ను కట్టిన కారు తెల్లారేసరికి పన్ను కట్టని కారు అవుతుంది. ఇది దోపిడీ. చట్టం చాటున జరిగినంత మాత్రాన దోపిడీ కాకుండా పోదు.

మన పిల్లలు డల్లాస్‌కో దుబాయ్‌కో పోతుంటే కారు తీసుకుపోవాలా వద్దా అని తల పట్టుకునేవాళ్లు లేరు. అది తేలిపోయిన లెక్క. తన భద్రతా ప్రమాణాల ప్రకారం తయారుకాని కారును, దానికి 25 ఏళ్లు నిండితే తప్ప, అమెరికా తన గడ్డ మీదికి రానివ్వదు. దుబాయ్‌లో స్టీరింగ్ ఎడమవైపు ఉండాలి, మనది కుడివైపు. అక్కడి నుంచి తిరిగొచ్చేవాళ్లు వాడిన కారు తెచ్చుకోవాలన్నా స్టీరింగ్ కుడివైపే ఉండాలి, బండికి మూడేళ్లు దాటకూడదు, ముంబై రేవులోనే దించాలి, ఆపైన పడే సుంకం కారు ధరనే మించిపోతుంది. రెండు దేశాలన్న తర్వాత రోడ్లు వేరు, ప్రమాణాలు వేరు. ఈ కట్టుబాట్లకు ఒక అర్థం ఉంది. అందుకే సూర్యాపేటలో వీసా చేతికి రాగానే కారు అమ్మేస్తారు, లేదంటే నాయనకు అప్పజెప్పి విమానం ఎక్కుతారు. ఎవరికీ కోపం రాదు.

ఆ నాయన దగ్గరే నాకు కోపం మొదలవుతుంది. కొడుకు అమెరికాలో, బిడ్డ విజయవాడలో. రిటైరైన మనిషి, భార్యకు మోకాళ్ల నొప్పులు, సూర్యాపేటలో ఇద్దరే ఉండలేక బిడ్డ దగ్గరికి పోదామనుకుంటారు. ఇంటి ముందున్న కారుకు 12 లక్షలు పెట్టారు. 2022లో తెలంగాణ ప్రభుత్వం పెంచిన శ్లాబుల ప్రకారం 10 లక్షలు దాటిన ఆ కారుకు అప్పట్లో 17 శాతం లైఫ్ ట్యాక్స్ పడింది. అంటే 2,04,000 రూపాయలు. బండి బతికినంత కాలానికీ కలిపి, షోరూములోనే, ఒక్క దెబ్బకు కట్టించుకున్నారు. ఇప్పుడు విజయవాడలో నిలకడగా ఉండాలంటే బండి వయసును బట్టి తగ్గించిన రేటుతో ఆంధ్రప్రదేశ్‌కు మళ్లీ కట్టాలి. ఈ పెద్దమనిషి ఏం తప్పు చేశాడు? బిడ్డ దగ్గర ఉందామనుకున్నాడు. అంతే కదా!

చట్టం ఏమంటోందో చూడండి. 1988 మోటారు వాహనాల చట్టం 46వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుంది. వెంటనే 47వ సెక్షన్ వస్తుంది. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి బండి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాల్సిందే అంటుంది. నంబరు మార్చుకోమనడం వరకు నాకు అభ్యంతరం లేదు. ప్రమాదం జరిగితే, దొంగతనం జరిగితే, బండి ఎక్కడ ఉంటోందో పోలీసుకు తెలియాలి. కానీ నంబరుతో పాటు పన్ను మళ్లీ ఎందుకు? 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. అక్షరం మారిందని ఎవరి దగ్గరా లైఫ్ ట్యాక్స్ అడగలేదు, పాత టీఎస్ నంబర్లను అలాగే ఉండనిచ్చారు. అంతకుముందు 2014 జూన్ 2న రాష్ట్రమే మారింది. ఏపీ 24 నంబరుతో నల్లగొండ జిల్లాలో అప్పటిదాకా తిరిగిన బండ్లు ఆ తర్వాతా తిరిగాయి. ప్రభుత్వాలకు కావాలనిపించినప్పుడు అక్షరాలు పన్ను లేకుండానే మారతాయన్న మాట. మనిషి బతుకుదెరువు కోసం మారితేనే ఖజానాకు ఆకలి పుడుతుంది.

ఇక ఆఫీసుల చుట్టూ తిరుగుడు సంగతి. ముందు పాత ఆఫీసులో ఫారం 28 మీద ఎన్‌ఓసీ అడగాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఒప్పుకోలు కాగితం కావాలి. చలాన్లు బాకీ ఉండకూడదు. అది తీసుకుని కొత్త ఊళ్లో ఫారం 27 పెట్టాలి, బండి చూపించాలి, పన్ను కట్టాలి, కొత్త నంబరు ప్లేటు బిగించుకోవాలి. నంబరు మారింది కాబట్టి ఇన్సూరెన్సులో మార్చాలి, ఫాస్టాగ్‌లో మార్చాలి, బ్యాంకు కాగితాల్లో మార్చాలి. అప్పుడు ఆ కాగితాలన్నీ పట్టుకుని మళ్లీ పాత ఆఫీసుకు వచ్చి, మిగిలిన కాలానికి పన్ను వాపసు ఇవ్వండని అడుక్కోవాలి. రీఫండు చట్టంలో ఉంది. అది మన హక్కు. కానీ ముందు నువ్వు రెండోసారి కట్టు, తర్వాత మేం చూస్తాం అనే పద్ధతిలో హక్కు ఎక్కడ మిగిలింది? మా బంధువుల ఇళ్లలో రీఫండు ఫైలు పెట్టి, తిరిగి తిరిగి, చివరికి వదిలేసినవాళ్లను నేను చూశాను. జీతగాళ్లకు సెలవు దొరకదు. ముసలివాళ్లకు ఓపిక ఉండదు. ఆ విసుగు మీదే ఈ వ్యవస్థ బతుకుతోంది.

విసిగినవాళ్లకు రెండే దారులు మిగిలాయి. ఒకటి కారు అమ్ముకోవడం. అమ్మబోతే అవతలి ఒడ్డు బేరగాడు, "అన్నా, టీజీ నంబరు బండి నాకెందుకు, మళ్లీ ట్యాక్స్ నేనే కట్టుకోవాలి గదా" అని ఆ మేరకు ధర కోస్తాడు. అతని తప్పు కూడా కాదు. రెండోది, పాత నంబరుతోనే భయపడుతూ తిరగడం. అత్తగారి ఊరికి వచ్చామని ఒకసారి, పెళ్లికి వచ్చామని ఒకసారి, తనిఖీ చేసేవాళ్లకు అబద్ధం చెప్పడం. టోల్ రసీదులు దాచుకుని, మేం మొన్ననే వచ్చాం అని రుజువు చూపడం. నీతిగా సంపాదించి, పన్ను మొత్తం కట్టిన మనిషి చేత ఒక ప్రభుత్వం అబద్ధమాడిస్తోంది. నా దృష్టిలో పోయిన డబ్బు కంటే పెద్ద నేరం ఇది.

సరిహద్దు ఊళ్ల బతుకు హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లకూ, అమరావతిలో కూర్చున్నవాళ్లకూ తెలియదు. కోదాడ పిల్లను నందిగామలో ఇస్తారు, జగ్గయ్యపేట పిల్లను హుజూర్‌నగర్‌లో ఇస్తారు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసిన కాంట్రాక్టు మనిషికి అక్కడ పని ఆగితే జగ్గయ్యపేట దిక్కున ఉన్న ఫ్యాక్టరీలో పని దొరుకుతుంది. మిర్యాలగూడ రైస్‌మిల్లుకు ధాన్యం పల్నాడు నుంచీ వస్తుంది. ఆ వ్యాపారం చూసుకోవడానికి ఇంట్లో ఒక కొడుకు పిడుగురాళ్లలో కాపురం పెడతాడు. ఈ ఊళ్లలో బంధుత్వాలన్నీ ఏటికి రెండు వైపులా ఉన్నాయి. ఇక్కడ కాపురం మారడం అంటే దేశం మారడం కాదు. పక్క వీధికి మారినంత మామూలు సంగతి.

"పన్ను రోడ్ల కోసం, మా రోడ్లు వాడుకుంటే మాకు కట్టొద్దా" అంటారు. సూర్యాపేట మీదుగా కోదాడ దాటి విజయవాడ పోయేది 65వ జాతీయ రహదారి. కొర్లపహాడ్ దగ్గర టోల్ కడుతున్నాం, చిల్లకల్లు దగ్గర టోల్ కడుతున్నాం. పెట్రోలు కొట్టించుకున్న ప్రతిసారీ ఏ రాష్ట్రంలో కొట్టించుకుంటే ఆ రాష్ట్రానికి వ్యాట్ కడుతున్నాం. విజయవాడకు మారిన మనిషి పెట్రోలు పన్ను ఆ రోజు నుంచీ ఆంధ్రకే పోతుంది. ఇంకా ఏం మిగిలింది?

దానికి మించి ఒక మాట. ఈ రెండు రాష్ట్రాలూ బండి పన్ను వసూలు చేస్తున్నది ఒకే చట్టం కింద. 1963లో ఉమ్మడి రాష్ట్రం చేసుకున్న మోటారు వాహనాల పన్నుల చట్టాన్ని విడిపోయాక తెలంగాణ తన పేరు పెట్టి తనదిగా చేసుకుంది. ఒకే తల్లి చట్టం ఉన్న రెండు ప్రభుత్వాలు కూర్చుని ఒక పూటలో తేల్చుకోగల విషయం ఇది. తేల్చుకోలేవా? 2020 నవంబరు 2న రెండు ఆర్టీసీలూ ఒప్పందం చేసుకున్నాయి. ఎవరి బస్సు అవతలి రాష్ట్రంలో ఎన్ని కిలోమీటర్లు తిరగాలో లెక్క కట్టి సంతకాలు పెట్టాయి. సంస్థ రాబడికి గండి పడుతుందంటే కిలోమీటరు కిలోమీటరూ కొలుచుకున్నారు. పౌరుడి జేబుకు గండి పడుతుంటే మాత్రం ఇప్పటికీ ఒక్క సమావేశమూ అక్కర్లేదు!

డబ్బు ఒక ఖజానా నుంచి ఇంకో ఖజానాకు ఎలా పోతుంది అని అడిగే అధికారులు జీఎస్టీ వైపు చూడాలి. 2017 జూలై 1 నుంచి తెలంగాణలో తయారైన సరుకు ఆంధ్రలో అమ్ముడైతే, వాడుకున్న రాష్ట్రానికి రావాల్సిన వాటా ఐజీఎస్టీ లెక్కల ద్వారా దానికి చేరుతోంది. దుకాణదారుడు ఒక రాష్ట్రంలో కట్టి, రెండోసారి ఇంకో రాష్ట్రంలో కట్టి, మొదటిది వాపసు కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం లేదు. సిమెంటు బస్తాకు దొరికిన మర్యాద సిమెంటు ఫ్యాక్టరీ కార్మికుడి కారుకు ఎందుకు దొరకదు? ఎన్‌ఓసీ ఇచ్చిన రోజే మిగిలిన కాలపు పన్ను తెలంగాణ ఖజానా నుంచి ఆంధ్ర ఖజానాకు, అటు నుంచి వస్తే ఇటుకు, పోవాలి. మనిషి మధ్యలో ఉండనక్కర్లేదు.

బీహెచ్ సిరీస్ ఉంది కదా అనేవాళ్లూ ఉన్నారు. 2021 సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి తెచ్చిన ఆ నంబరు ఎవరికి? సైన్యంలో ఉన్నవాళ్లకు, ప్రభుత్వ ఉద్యోగులకు, ప్రభుత్వ రంగ సంస్థల వాళ్లకు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు. వాళ్లు రెండేళ్లకోసారి పన్ను కట్టుకుంటూ ఏ రాష్ట్రానికైనా పోవచ్చు. చక్కని పద్ధతి. కానీ మిర్యాలగూడ ధాన్యం వ్యాపారికి లేదు. కోదాడ ప్రైవేటు స్కూలు పంతులుకు లేదు. చింతకాని రైతుకు, సూర్యాపేట బట్టల దుకాణదారుకు లేదు. పెద్ద కంపెనీలో ఉంటే దేశమంతా నీదే, చిన్న దుకాణం పెట్టుకుంటే నీ దేశం పాలేరు దగ్గర ఆగిపోతుంది. ఈ వివక్షను రాసినవాళ్లు సిగ్గుపడాలి.

రెండో పన్ను అందరికీ వదిలేస్తే తక్కువ పన్నున్న చోట దొంగ అడ్రసులతో రిజిస్టర్ చేయిస్తారన్న వాదనలో కొంత నిజం ఉంది. ఖరీదైన కార్లను పుదుచ్చేరి అడ్రసులతో రిజిస్టర్ చేయించి ఇక్కడ తిప్పినవాళ్లు ఉన్నారు. వాళ్లను పట్టుకోండి, జరిమానా వేయండి, ఎవరు వద్దన్నారు? కానీ ఇల్లు, రేషన్ కార్డు, పిల్లల బడి అన్నీ నిజంగా కోదాడలో ఉండి, కోదాడలోనే పూర్తి పన్ను కట్టి, తర్వాత మారిన కుటుంబాన్ని ఆ మోసగాళ్ల వరుసలో నిలబెట్టడం ఏ న్యాయం?

కర్ణాటక ఇంకా ముందుకు పోయింది. బయటి నంబరు బండి 30 రోజులు దాటితే లైఫ్ ట్యాక్స్ కట్టాలని 2014లో చట్టం సవరించింది. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు ఎందరో రోడ్డు మీద ఆగి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. డ్రైవ్ వితౌట్ బోర్డర్స్ పేరుతో అక్కడి జనం ఉద్యమించారు. 2016లో హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. అడిగారు కాబట్టి అంత మాత్రమైనా దక్కింది. మన దగ్గర ఎవరు అడిగారు?

అమెరికా సంగతి మళ్లీ చెప్తాను, ఈసారి కారు ఓడ ఎక్కించడం గురించి కాదు. న్యూజెర్సీలో కారు కొనుక్కుని, ఉద్యోగం మారి టెక్సాస్‌కు పోయిన మన సూర్యాపేట పిల్లవాడు అక్కడ కొత్త నివాసి పన్ను కింద కట్టేది 90 డాలర్లు. రిజిస్ట్రేషన్ రుసుములు వేరే. కారు ఖరీదు ఎంతైనా ఆ 90 డాలర్లే. రాష్ట్రాల హక్కుల మీద అంత పట్టుదల ఉన్న దేశంలో, సొంత చట్టాలు, సొంత పన్నులు ఉన్న రాష్ట్రాల మధ్య, ఇది సాధ్యమైంది. కొడుకు వందల మైళ్లు కారు నడుపుకుంటూ పోయి 90 డాలర్లతో కొత్త రాష్ట్రంలో స్థిరపడతాడు. తండ్రి రెండు గంటల దారిలో ఉన్న విజయవాడకు మారడానికి బ్రోకరు చుట్టూ తిరుగుతాడు.

మారబోయేవాళ్లకు ఒక మాట. ఏడాది లోపు తిరిగొచ్చేది ఖాయమైతే నంబరు మార్చకండి, చట్టం మీ వైపే ఉంది. నిలకడగా పోతుంటే భయపడి కారును అగ్గువకు అమ్మకండి. ఎన్‌ఓసీ దరఖాస్తు ఇచ్చి తేదీ వేసిన రసీదు అడగండి. 48వ సెక్షన్ ప్రకారం 30 రోజుల్లో ఇవ్వకుండా, కాదనీ చెప్పకుండా ఉంటే అది ఇచ్చినట్టే లెక్క. ఈ సంగతి మీకు ఏ కౌంటరులోనూ చెప్పరు. కొత్త నంబరు వచ్చాక రీఫండు దరఖాస్తు తప్పకుండా పెట్టండి, వదలకండి. విదేశం పోయే పిల్లలు కారు నాయన పేరు మీదికి మార్చి విమానం ఎక్కండి. లేకపోతే ప్రతి సంతకానికీ సముద్రం దాటాలి.

కోదాడ, హుజూర్‌నగర్, సూర్యాపేట, మిర్యాలగూడ ఎమ్మెల్యేలు, ఏటికి అవతల జగ్గయ్యపేట, గురజాల ఎమ్మెల్యేలు ఈ విషయం మీద ఒక్కసారైనా తమ శాసనసభల్లో లేచి నిలబడాలి. రెండు రాష్ట్రాల రవాణా మంత్రులు కూర్చుని ఒప్పందం రాసుకోవాలి. ఒకసారి పన్ను కట్టిన సొంత కారుకు రెండోసారి పన్ను లేదనీ, మిగిలిన కాలపు లెక్క ఖజానాలు తామే తేల్చుకుంటాయనీ. ఎన్నికలప్పుడు మీ గడపకు వచ్చే ప్రతి నాయకుడినీ ఈ ఒప్పందం ఎప్పుడు చేస్తారని అడగండి. తేదీ చెప్పేదాకా వదలకండి.