ఆ మైనస్ గుర్తును ఎవరు చదవాలి?

ఎక్స్‌రే అంటే మనకు తెలిసింది తిరువళ్ళూరు స్కాన్ సెంటర్లో "ఊపిరి బిగబట్టమ్మా" అనే మాట వరకే. ఆ కిరణాలు ఒంట్లోకి వెళ్ళాక ఎముకలో ఎంత ఆగింది, కండలో ఎంత ఆగింది అన్నది మనిషిని కోసి చూసే సంగతి కాదు కదా. కంప్యూటర్లో లెక్కకడతారు. ఒక్కో కణాన్నీ పాచికలు వేసినట్టు వదిలి, అది ఎటు పోయిందో లక్షలసార్లు చూస్తారు. దీన్ని మాంటీ కార్లో పద్ధతి అంటారు. మెడికల్ ఫిజిక్స్ చదివే మా పెద్దమ్మ కూతురు ఈ లెక్కకు ముందు తను రాసే ఇన్‌పుట్ ఫైల్ చూపించింది. నా అభిప్రాయం ఒకటే: ఆ ఫైల్‌ని ఫిజిక్స్ వాళ్ళే రాసి, వాళ్ళే చదువుకుంటే చాలదు. మనమూ చదవాలి.

నవ్వకండి. అందులో ఉన్నది చాలావరకు వర్ణనే. అమెరికాలోని లాస్ అలమోస్ లేబొరేటరీ వాళ్ళ ఎంసీఎన్‌పీ ప్రోగ్రాం సంగతే చూడండి. మొదటి లైను శీర్షిక. తర్వాత మూడు భాగాలు, మధ్యలో ఒక్కో ఖాళీ లైను. ఏ చోట ఏ పదార్థం ఉంది, ఆ చోట్ల హద్దులేవి, కిరణాలు ఎక్కణ్ణుంచి ఎంత శక్తితో వస్తాయి, ఇవీ వివరాలు. ఒక్కో లైనును ఇప్పటికీ కార్డ్ అనే అంటారు, పంచ్ కార్డుల కాలం నాటి పేరు. ఏ బిందువైనా ఒక్క చోటికే చెందాలి. తెలుగూ తమిళమూ ఒకే వంటింట్లో కలిసుండే మన తిరుత్తణి ఇళ్ళ పద్ధతి అక్కడ చెల్లదు! హద్దుల మధ్య సందు మిగిలితే కణం తప్పిపోతుంది. మామూలుగా పది కణాలు తప్పిపోతే ప్రోగ్రాం తనే ఆగిపోతుంది.

అది పట్టుబడే తప్పు. పట్టుబడనిది వేరే ఉంది. సాంద్రతను ఘన సెంటీమీటరుకు ఇన్ని గ్రాములని చెప్పాలంటే అంకె ముందు మైనస్ పెట్టాలి. నీళ్ళకు -1.0. మైనస్ లేకుండా 1.0 అని రాస్తే అది పరమాణువుల లెక్క అయిపోతుంది, నీళ్ళు అసలుకంటే దాదాపు 10 రెట్లు చిక్కబడతాయి. సీసం సాంద్రతే 11.35. అంటే రోగి ఒంటి బదులు సీసం ముద్దను పెట్టినంత పని! అయినా ప్రోగ్రాం రాత్రంతా నడిచి, దశాంశాలతో సహా జవాబిస్తుంది.

శక్తి అంకెలూ అంతే. 120 కిలోవోల్టుల ఎక్స్‌రే ట్యూబ్ గరిష్ఠ శక్తిని ఎంసీఎన్‌పీలో 0.12 అని రాయాలి, పెనెలోప్ అనే ప్రోగ్రాంలో అయితే 120000 అని.

రాసినమ్మాయి పదిసార్లు చదివినా ఇవి కనబడవు. మన వ్యాసంలో ఒత్తు ఎగిరిపోతే మనకు కనబడదే, అలాగే. కానీ ఇంకొకరు చూడాలంటే వాళ్ళకర్థమయ్యే మాట అందులో ఉండాలి. సి అక్షరం, ఆ పక్కన ఖాళీతో మొదలయ్యే లైనునూ, డాలర్ గుర్తు తర్వాత రాసినదాన్నీ ప్రోగ్రాం పట్టించుకోదు. అవి మనుషుల కోసం. "ఇది నీళ్ళు, గ్రాముల్లో" అని ఒక ముక్క అక్కడ ఉంటే, మైనస్ లేదని తెలుగు బి.ఏ. అమ్మాయికైనా తెలుస్తుంది. అక్క ఫైల్లో అలాంటివి రెండే ఉన్నాయి. టైం లేదంటుంది. నేను ఒప్పుకోను.

ఫిజిక్స్ రానివాళ్ళు ఏం చదువుతారని అడుగుతారేమో. 1948లో ఎనియాక్ కంప్యూటర్ మీద ఈ పద్ధతి తొలి లెక్కలకు కోడ్ రాసిన క్లారా వాన్ నోయిమన్ కాలేజీలో గణితం చదివిన మనిషి కాదు.

మన ఫిజిక్స్ వాళ్ళు ప్రాజెక్టుకు ఇలాంటి ఫైల్ రాస్తే, నడిపేముందు మన క్లాసుకి తెచ్చి పైకి చదవనివ్వండి. మనం జవాబులు చెప్పక్కర్లేదు, "ఈ అంకె దేనిది?" అని అడిగితే చాలు. రెండు డిపార్ట్‌మెంట్ల మేడమ్‌లూ సరేనంటే శుక్రవారం చివరి పీరియడ్ ఎలాగూ ఖాళీయే.