అమ్మిన వాక్యం

మిరపకాయల్ని కోల్డ్‌ స్టోరేజీలో పెట్టే ముందు ఎంతవరకు ఆరబెట్టాలి? పత్తిలో గులాబీ రంగు పురుగును ముందే కనిపెట్టడమెలా? ఫోనులో అడిగామంటే రెప్పపాటులో పది వ్యాసాలు వచ్చిపడతాయి. చదువుకుని మన పని మనం చూసుకుంటాం. రాసినవాళ్ల పేరు కింద ఉండదు, ఉంటే గింటే కంపెనీ పేరుంటుంది. ఆ రాతలన్నీ హైదరాబాదు అద్దాల మేడల్లో తయారవుతాయనుకుంటే పొరపాటే. అద్దంకిలాంటి ఊళ్లో వంటింటి పక్క గదిలో ల్యాప్‌టాప్‌ పెట్టుకుని, మాటకిన్ని పైసల లెక్కన రాసి పంపేవాళ్లు కూడా ఈ పనిలో ఉన్నారు.

అలా రాసే అమ్మాయి ఒకరున్నారనుకుందాం. 2021 చివర్లో మిరప తోటల్ని ఊడ్చిపెట్టిన నల్లతామర పురుగు గురించి ఒక పురుగుమందుల కంపెనీ ఆమెతో వ్యాసం రాయించుకుంది. ఆమె మిరప పండించే ఇంట్లో పుట్టిన పిల్ల. పూత ఎలా రాలిపోయిందో, ఎన్ని మందులు కొట్టినా కాయ ఎందుకు నిలబడలేదో కళ్లారా చూసింది. ‘పువ్వు తుంచి తెల్ల కాగితం మీద తట్టండి, నల్లని నలుసులు కదిలితే అదే పురుగు’ అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆర్నెల్లకు విత్తనాల కంపెనీ ఒకటి అదే విషయం మీద వ్యాసం కావాలంది. అదే పురుగు, అదే పువ్వు, అదే తెల్ల కాగితం. అంతకన్నా తేటగా చెప్పడం ఎవరి తరం? తన పాత పేరానే తెచ్చి అతికించింది. కంపెనీవాళ్ల సాఫ్ట్‌వేర్‌ ఆ పేరాకు ఎర్రరంగు పూసి ‘నకలు’ అని ముద్రేసింది. డబ్బు ఆగిపోయింది. ‘అది నేను రాసిందేనండీ’ అని ఆమె మొత్తుకుంటే వినేదెవరు? ఆ యంత్రం మాటల వరుసను పోల్చగలదు గానీ, ఆ మాటలు ఎవరివో చెప్పలేదు.

తన రాతను తానే వాడుకుంటే అది దొంగతనమవుతుందా? ఈ ప్రశ్న వేసుకోవడానికి అద్దంకిని మించిన ఊరు లేదు. డబ్బిచ్చేవారికీ రాసేవారికీ మధ్య ఉండే లావాదేవీని ఈ నేల ఎప్పటినుంచో చూస్తోంది. క్రీ.శ. 848 నాటిదని చెప్పే పండరంగని అద్దంకి శాసనంలో తరువోజ పద్యం ఉంది. గెలిచిన సేనాని పేరు రాతిమీద పదిలంగా నిలిచింది, పద్యం కట్టిన కవి ఎవరో తెలియదు. ఆ తరవాత అయిదు శతాబ్దాలకు ఇదే ఊరు రాజధానిగా ప్రోలయ వేమారెడ్డి రెడ్డిరాజ్యాన్ని నిలబెట్టాడు. ఆయన ఆస్థాన కవి ఎర్రన హరివంశాన్ని తన ప్రభువుకే అంకితమిచ్చాడు. భారతంలో మిగిలిపోయిన అరణ్యపర్వ శేషం దగ్గరికొచ్చేసరికి మాత్రం దారి మార్చాడు. నన్నయ ఫణితి తోచేలా, నన్నయ రచనగానే పూరించానని పర్వం చివర చెప్పుకున్నాడు. అంకితం సైతం నన్నయ ప్రభువు రాజరాజ నరేంద్రుడి పేరనే ఉంచాడు.

తన పద్యాల్నే తాను మళ్లీ వాడుకున్న ఘనుడు శ్రీనాథుడు. అద్దంకిలో మొలకెత్తిన రెడ్డిరాజ్యం కొండవీటికి, శాఖగా రాజమహేంద్రవరానికి విస్తరించిన కాలమది. కాశీలో భిక్ష దొరక్క వ్యాసుడు ఆకలికి, ఆగ్రహానికి లోనై నగరాన్ని శపించబోయిన కథ భీమేశ్వర పురాణంలో ఉంది, కాశీఖండంలోనూ ఉంది. కథతోపాటు అందులోని పద్యాలు కూడా రెండుచోట్లా కనిపిస్తాయి. మొదటి కావ్యం బెండపూడి అన్నయ మంత్రికి అంకితం, రెండోది రాజమహేంద్రవరం ఏలిక వీరభద్రారెడ్డికి. అంటే ఒకే సరుకు, ఇద్దరు ప్రభువులు. ఆ పనికి నేటి సాఫ్ట్‌వేర్‌ ఎర్రరంగు పూసి ఉండేది. తెలుగు లోకం మాత్రం కవిసార్వభౌముడి బిరుదును వెనక్కి తీసుకోలేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. ఆనాటి ప్రభువు కొన్నది వాక్యాన్ని కాదు. కృత్యాదిలో తన వంశవర్ణన, ప్రతి ఆశ్వాసానికీ ముందూ వెనకా తనను సంబోధించే పద్యాలు, వాటితో వచ్చే కీర్తి ఆయనకు దక్కాల్సినవి. వ్యాసుడి ఆకలి మీది పద్యం ఇంకో కావ్యంలో ఉన్నంతమాత్రాన ఆ కీర్తికి తరుగు రాదు. పద్యాలు శ్రీనాథుడివని చదివినవారికీ తెలుసు, సొమ్మిచ్చినవారికీ తెలుసు. ఎవరి కళ్లూ ఎవరూ కప్పలేదు.

నేటి బేరం వేరు. కంపెనీ కొనేది సరిగ్గా ఆ వాక్యాన్నే. ఒకే పాఠం రెండు సైట్లలో ఉంటే గూగుల్‌ సాధారణంగా ఒకదాన్నే అసలుగా ఎంచుకుని చూపిస్తుంది. రెండోది వెనకబడిపోతుంది. పైకి తేలాలనే డబ్బు పెట్టినవారికి అది నష్టమే. కాబట్టి పాతది ఇచ్చి కొత్తదాని ధర తీసుకున్నారని కంపెనీ నొచ్చుకుంటే ఆ మాటలో న్యాయముంది. ఇక్కడ తప్పు పాత పేరాను వాడటంలో కన్నా, అది పాతదని చెప్పకపోవడంలో ఉంది.

ఇది మన పత్రికలకు కొత్త సంగతేం కాదు. కథ పంపితే వెంట హామీపత్రం జతపరచాలన్నది పాత నియమం: ‘ఇది నా సొంత రచన, మరెక్కడా ప్రచురితం కాలేదు, ఎక్కడా పరిశీలనలో లేదు’ అని రాసి సంతకం పెట్టాలి. ఆ చివరి రెండు మాటల్లోనే కిటుకుంది. ఎడిటరు అడిగింది తొలి ప్రచురణ తన పత్రికదేనన్న భరోసా మాత్రమే. అచ్చయ్యాక అదే కథ సంకలనానికి ఎక్కేది, సీరియల్‌ నవలగా బైండై అద్దె పుస్తకాల కొట్లకు చేరేది, అదృష్టం బాగుంటే సినిమా అయ్యేది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నవలగా ఇంటింటా చదివించుకుని, 1976లో తెరమీదికి వెళ్లింది. ఒకే రచన రచయితకు రెండు మూడుసార్లు అన్నం పెట్టడంలో తప్పుందని ఎవరూ అనలేదు. ఏది ఎవరికి ఇచ్చారో అందరికీ తెలుసు గనక.

చట్టమూ దాదాపు ఈ మాటే చెబుతుంది. 1957 నాటి కాపీరైట్‌ చట్టం ప్రకారం రచనకు తొలి హక్కుదారు రాసినవారే. జీతం మీద ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు యజమాని హక్కుదారు అవుతారు. పత్రికా ఉద్యోగుల రచనల్లో ఆ హక్కు సైతం పత్రికల్లో ప్రచురించుకోవడం వరకే. బయటినుంచి పనిచేసే ఫ్రీలాన్సర్‌ హక్కు కంపెనీకి బదిలీ కావాలంటే సంతకంతో కూడిన రాత ఉండాలి. అందులో గడువు పేర్కొనకపోతే అది అయిదేళ్లే చెల్లుతుంది, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశం వరకే. హక్కులన్నీ రాసిచ్చినా ‘ఇది రాసింది నేను’ అని చెప్పుకొనే హక్కు 57వ సెక్షన్‌ కింద రచయిత దగ్గరే మిగులుతుంది. చట్టం ఇంత ఇచ్చినా, వచ్చిన ఒప్పందాన్ని కిందికి జరిపి ‘అంగీకరిస్తున్నాను’ అన్న బటన్‌ నొక్కేటప్పుడు మనవాళ్లలో ఎంతమంది ఆగి చదువుతున్నారు?

వాక్యాన్ని అమ్మగలం. వాక్యం వెనక ఉన్న ఎరుకను, చెప్పే తీరును అమ్మలేం. అమెరికా గాయకుడు జాన్‌ ఫోగర్టీకి ఈ సంగతి కోర్టులో రుజువు చేసుకోవాల్సి వచ్చింది. 1970లో తన బ్యాండు కోసం కట్టిన పాట హక్కులు ఫాంటసీ సంస్థ దగ్గరుండిపోయాయి. తరవాత ఆయన మరో సంస్థకు కొత్త పాట చేస్తే, అది తమ పాత పాటకు నకలని ఫాంటసీ దావా వేసింది. తన పాటనే కాపీ కొట్టాడని తన మీదే కేసన్నమాట. 1988లో ఆయన గిటారుతో సహా బోనెక్కి, పాట ఎలా పుడుతుందో వాయించి చూపాడు. జ్యూరీ ఆయన పక్షాన నిలిచింది. రెండు పాటలూ ఒకే గొంతునుంచి వచ్చాక పోలికలు తప్పవు.

మిరప, పత్తి పండించే నేలకు ఏది చేయొచ్చో, ఏది కూడదో గీత గీసుకోవడం తెలుసు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, పొరుగువారికి ఇవ్వొచ్చు, అమ్ముకోనూవచ్చు. పరిరక్షిత రకాన్ని బ్రాండు పేరుతో సంచికెత్తి అమ్మడానికి మాత్రం వీల్లేదు. రాతపనికీ ఆ గీత సరిపోతుంది. నల్లతామర గురించి తెలిసిన సంగతుల్ని ఆ అమ్మాయి ఎన్నిసార్లయినా విత్తుకోవచ్చు. హక్కులు రాసిచ్చి అమ్మిన పేరాను మాత్రం అలాగే తెచ్చి ఇంకొకరికి కొత్తదని అంటగట్టకూడదు.

ఇందులో రెండు పక్షాలకూ బాధ్యత ఉంది. ఈ పాఠం ఎప్పటికీ, ఎక్కడా, ఎవరికీ ఇవ్వరాదని కోరే కంపెనీ ఆ షరతుకు తగిన ధర కట్టాలి. మాటకు పైసలిచ్చి, మనిషి అనుభవానికి శాశ్వత పట్టా రాయించుకోవాలనుకోవడం పెద్దరికం అనిపించుకోదు. రాసేవారు పని ఒప్పుకునేటప్పుడే ‘ఇందులో నా పాత భాగం వాడొచ్చా, దీన్ని నేను మళ్లీ వాడుకోవచ్చా’ అని రెండు ముక్కలు మెయిల్లో అడిగి, జవాబు దాచుకోవాలి. అలా అడిగితే పని పోతుందేమోనన్న భయం సహజమే. అడగకపోతే పనితోపాటు చేసినదాని డబ్బు, నమ్మకం కూడా పోతాయి.