ఎవరి ఊరు? ఎవరి వేర్లు?

“మీదే ఊరు?” అని మగవాణ్ణి అడిగితే ఒక్క పేరు చెప్తాడు. అదే ప్రశ్న పెళ్ళయిన స్త్రీని అడిగితే “పుట్టినూరా, మెట్టినూరా?” అని తిరిగి మనల్నే అడుగుతుంది. ఈ తడబాటు ఆమెది కాదు. ఆడదానికి రెండు ఊళ్ళున్నాయని పైకి అంటూ, రెండింటిలోనూ ఆమె పేరన జానెడు చోటు లేకుండా చేసిన వ్యవస్థది.

ఈమధ్య నా సహచరుడి బాల్యం గడిచిన చీరాలకు వెళ్ళినప్పుడు ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపించింది. అతనికి ఆ ఊళ్ళో ప్రతి సందుకీ ఒక కథ ఉంది. గోళీలాడిన మలుపు, సైకిలు మీద వాడరేవు సముద్రానికి పోయిన దారి, రెండో ఆట సినిమా చూసి అర్ధరాత్రి నడిచొచ్చిన వీధి. అదే ఇంట్లో పెరిగిన అతని అక్కకు మాత్రం ఊరంటే ఇల్లు, బడి, ఆ రెంటి మధ్య దారి. బడి నుంచి రాగానే రాట్నం ముందు కూర్చుని తండ్రి మగ్గానికి కండెలు చుట్టేది. పెద్దమనిషయ్యాక ఆ బడి దారి కూడా మూసుకుపోయింది. ఆమె చుట్టిన కండెలతో నేసిన బట్టే తమ్ముడికి చదువు చెప్పించింది. ఇవాళ అతను వెళితే వీధిలోవాళ్ళు “ఇంటికొచ్చాడు” అంటారు. ఆమె వెళితే “చూడ్డానికొచ్చింది” అంటారు. చీరా రవికా పెట్టి సాగనంపుతారు.

వేర్లు, మూలాలు అని మనం తరచూ రాస్తుంటాం, వింటుంటాం. కానీ ఊరి మీద బెంగ పెట్టుకోవడానికి కూడా ఆ ఊళ్ళో స్వేచ్ఛగా తిరిగి ఉండాలి, తిరిగి వెళితే దిగడానికి హక్కున్న గడప ఉండాలి. ఈ రెండూ మగపిల్లలకు పుట్టుకతో వచ్చినట్టు ఆడపిల్లలకు రాలేదు.

చీరాలకు గొప్ప పోరాట చరిత్ర ఉంది. 1921లో మునిసిపాలిటీ పన్నుల భారాన్ని ధిక్కరించి జనం ఇళ్ళు వదిలి, ఊరి బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు గడిపారు. నాయకత్వం వహించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పేరు పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఆ పాకల్లో పొయ్యి రాజేసి, పిల్లల్ని సాకిన స్త్రీల పేర్లు ఎంతమందికి తెలుసు? ఊరు ఒక్కసారి ఇళ్ళు వదిలితే అది చరిత్ర అయింది. ప్రతి ఊరి నుంచీ ప్రతి ఏడూ ఆడపిల్లలు ఇళ్ళు వదిలిపోతుంటే అది ఆచారం అయింది. కేంద్ర ప్రభుత్వం 2020–21లో జరిపిన శ్రామిక శక్తి సర్వే ప్రకారం దేశంలో స్త్రీలలో 47.9 శాతం వలస వచ్చినవాళ్ళే. పురుషుల్లో వీరు 10.7 శాతం. వలస వచ్చిన స్త్రీలలో 86.8 శాతం మంది చెప్పిన కారణం పెళ్ళి.

మరి చట్టం ఏం చేసింది? 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో కూతురికి వాటా ఇచ్చింది. కానీ పుట్టింటి విషయానికొచ్చేసరికి, మగ వారసులు పంచుకోవాలనుకునేదాకా ఆమె పంపకం అడగకూడదంది. పెళ్ళికానిదో, భర్త వదిలేసిందో, విడిపోయిందో, వితంతువో అయితేనే అక్కడ నివసించే హక్కు ఉందంది. ఆ 23వ సెక్షన్ 2005 దాకా బతికే ఉంది. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ మెచ్చదగ్గదే. అయితే 1985 సెప్టెంబరు 5కు ముందే పెళ్ళయిన కూతుళ్ళను అది పక్కన పెట్టింది. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

కాగితం మీద ఇంత జరిగినా, చీరాల ఇల్లు తమ్ముడి పేరనే ఉంది. తండ్రి పోయాక ఆమె హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టింది. ఎవరూ బలవంతం చెయ్యలేదంటుంది. పెట్టకపోతే పండక్కి ఏ ముఖం పెట్టుకుని రావాలని అడుగుతుంది. పుట్టింటికి రాకపోకలు సాగాలంటే పుట్టింటి వాటా వదులుకోవాలి. ప్రేమకు ఇంత ఖరీదు కట్టేది ఒక్క ఆడపిల్లల దగ్గరే. ఆమె వాటా మళ్ళీ ఆమె పేర రాయాలని నేనంటున్నాను. నా సహచరుడు కాదనడం లేదు. ఆమే వద్దంటోంది. పితృస్వామ్యం చట్టం కన్నా లోతుగా నాటుకుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

చచ్చిపోయాక కూడా చట్టం స్త్రీని మెట్టినింటికే అప్పజెప్తుంది. పిల్లలూ భర్తా లేని హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే, ఆమె స్వార్జితం ఆమె తల్లిదండ్రుల కన్నా ముందు భర్త వారసులకే పోతుంది. పెళ్ళయిన మూడు నెలలకే భర్త చనిపోగా అత్తింటివాళ్ళు వెళ్ళగొట్టిన స్త్రీని పుట్టింటివాళ్ళు చదివించి ఉద్యోగస్తురాల్ని చేశారు. ఆమె సంపాదన భర్త అక్కచెల్లెళ్ళ కొడుకులకే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 15వ సెక్షన్ మారాలని మనం అడుగుతూనే ఉండాలి.

ఈలోగా చేయవలసిన పని మన చేతుల్లోనే ఉంది. గృహహింస చట్టం గురించి చెప్పే ప్రతి సమావేశంలోనూ హక్కు విడుదల పత్రం గురించి కూడా చెప్పాలి. పెద్దకర్మ హడావుడిలో ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దనీ, ఇంటికి తెచ్చుకుని తెలిసినవాళ్ళచేత చదివించుకోమనీ చెప్పాలి. తమ సంపాదన ఎవరికి చెందాలో వీలునామా రాసుకోమనాలి. వేర్ల గురించి కన్నీళ్ళు పెట్టుకునే అన్నదమ్ములకు మనం చెప్పవలసింది ఒక్కటే: ముందు దస్తావేజులో అక్కచెల్లెళ్ళ పేర్లు రాయించండి. అప్పుడు ఆ ఊరి గురించి అందరం కలిసి మాట్లాడుకుందాం.