ముసలిదాని మంచము

బస్తరు గోండు ఇంటిలో గోండీ, సంతలో హల్బీ, కచేరీలో హిందీ మాటాడును. ఇన్ని భాషలు వచ్చినవానికి యంత్రము కూడ గోండీలోనే చెప్పవలెనా, హిందీ చాలదా అని అడుగు పెద్దలు ఇప్పటికిని కలరు. ఇదే ప్రశ్నను వారు జర్మను భాషను గూర్చి అడుగరు. నక్షత్రమండలమును తెరపై చూపు స్టెల్లేరియము అను స్వేచ్ఛా సాఫ్టువేరు ఒకటి కలదు. దానిని ప్రతిఫలమాశింపక జర్మనులోనికి మార్చిన వారి వెనుక నిఘంటువులు, విశ్వవిద్యాలయములు నిలిచియున్నవి. వారా పని మానినను జర్మను విద్యార్థి ఖగోళశాస్త్రము నేర్వకపోడు. గోండీ అనువాదకునకు అట్టి అండ లేదు. ఒక్కొక్క మాటను అతడే వెదకి, బస్తరు వానికిని ఆదిలాబాదు వానికిని తెలియునో లేదో తానే విచారింపవలెను.

గోండీలో శాస్త్రమునకు మాటలు లేవందురా? మయాంక్ వాహియా, గణేశ్ హల్కారే గోండుల ఖగోళజ్ఞానమును గూర్చి 2013లో ప్రకటించిన పరిశీలనను చూడుడు. మనము సప్తర్షులనునది ఆ గోండులకు ఒక ముసలిదాని మంచము, దానిని దొంగిలింపవచ్చిన ముగ్గురు దొంగలు. మాటలు లేక కాదు, అడిగినవారు లేక.

అడిగిన పిదప ఏమి జరిగినదో చూడుడు. 2010లో టెలిఫోను ఆధారముగా ఆరంభమైన సీజీనెట్ స్వర, ఆపై మైక్రోసాఫ్టు పరిశోధకులు పూనుకొనగా పండ్రెండువేలకు ఇంచుక తక్కువగా పదములు, వాక్యములు గోండీలో సమకూడినవనియు, ఇకముందు తోడ్పడగలవారు 650 మందికి పైగా కనబడిరనియు 2020లో వెలువడిన పత్రము చెప్పుచున్నది. 2025 సెప్టెంబరులో కేంద్ర గిరిజన వ్యవహారముల శాఖ విడుదల చేసిన ‘ఆదివాణి’ అనువాద సాధనపు తొలి నాలుగు భాషలలో గోండీ ఒకటి. సంతోషమే.

అయినను ఒక సందేహము. స్వేచ్ఛా సాఫ్టువేరునకు అనువాదమిచ్చిన జర్మను వాని మాట మరల అతని చేతికే వచ్చును. అతడు దానిని దిద్దవచ్చును, పొరుగువానికి పంచవచ్చును, ఎవరి అనుమతియు అక్కరలేదు. గోండు ఇచ్చిన మాటకును ఈ హక్కు ఉండవలెను. వేసవిలో చౌకగా అమ్మిన ఇప్పపువ్వును వానకాలమున హెచ్చు ధరకు కొనుక్కొను దుర్గతి అడవివారికి క్రొత్త కాదు. భాష విషయమునను అదే జరుగరాదు. వారు డబ్బు కోరి చేయలేదు గదా, సేవాభావముతో చేసినారు గదా అందురు. నిజమే, ఆ కారణము చేతనే ఆ మాటలకు తాళము వేయు అధికారము ఎవరికిని లేదు.

ఇంకొక మాట. 2011 జనాభా లెక్కలలో గోండీ మాటాడువారు 29.8 లక్షలు, డోగ్రీ మాటాడువారు సుమారు 26 లక్షలు. డోగ్రీని 2003లో ఎనిమిదవ షెడ్యూలున చేర్చినారు, న్యాయమే. గోండీని చేర్చలేదు. యంత్రమునకు పనికివచ్చిన భాష రాజ్యాంగమునకు పనికిరాదా? గోండుల మాటలతో, ప్రజల ధనముతో కూర్చిన ప్రతి పదకోశమును బహిరంగముగా ఉంచి, దిద్దు అధికారమును ఆ మాటలిచ్చిన పల్లెలకు ఒప్పగించునంత వరకు, ఇంకను కొన్ని మాటలిండని వారిని అడుగుటకు మనకు మొగము చెల్లదు.