మెమరీ కార్డుకీ ఓ గీటురాయి

కొబ్బరికాయ కొంటే చెవి దగ్గర ఆడించి చూస్తాం. కాసు బంగారం కొంటే హాల్‌మార్కు ఉందా అని అడుగుతాం. మరి ఇంటిల్లిపాది ఫొటోలూ దాచుకునే మెమరీ కార్డో? కొట్టతను చేతిలో పెడితే పర్సులో వేసుకుని వచ్చేస్తాం!

నేనూ అలాగే వచ్చాను. 128 జీబీ కార్డు సగం ధరకే అంటే మురిసిపోయాను. బిల్లు అడగడానికి మొహమాటం. మూడు నెలలు బాగానే ఉంది. కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో మా అత్తయ్యగారు ప్రభలకి దణ్ణం పెట్టుకుంటుంటే వీడియో తీశాను. ఆవిడకి అదే ఆఖరి తీర్థం. పెద్దకర్మ అయ్యాక మస్కట్ నించి మా ఆడపడుచు "వదినా, అమ్మ వీడియో పంపవా?" అంది. వెతికితే ఫైలు పేరుంది, లోపల ఏమీ లేదు. ఆ పిల్లకి ఏం చెప్పను?

తర్వాత తెలిసింది... ఇలాంటి కార్డుల్లో అసలు చోటు ఏ ఎనిమిది జీబీయో పదహారో ఉంటుందట. 128 అని ఫోనుకి అబద్ధం చెప్పేలా మార్చేస్తారు. కుంచెడు కుండ మీద పుట్టెడు అని రాసినట్టన్నమాట! ఆ కాస్తా నిండేదాకా అనుమానమే రాదు. నిండాక కొత్తవి పాతవాటి మీద పడతాయి, లేదా పేరు మిగిలి లోపల ఖాళీ.

గుర్తుపట్టడం బ్రహ్మవిద్యేం కాదు. నమ్మలేనంత చవకైతే నమ్మకండి. కార్డు మీద చిన్న అక్షరాలు చూడండి. 32 జీబీ దాటినదాని మీద ‘ఎక్స్‌సీ’ అని ఉండాలి. 64 జీబీ కార్డు మీద ‘హెచ్‌సీ’ అని ఉంటే నకిలీయే. కంప్యూటర్లో 64కి 59 చూపిస్తే మాత్రం కంగారొద్దు, అది లెక్కల్లో తేడా.

అట్ట చూసి తేల్చుకోలేం కనక అసలైన గీటురాయి ఒకటే. కొన్నరోజే, ఖాళీగా ఉండగానే, నిండా నింపి తిరిగి చదివించడం. ‘హెచ్2టెస్ట్‌డబ్ల్యు’ అనే ఉచిత ప్రోగ్రాం విండోస్ కంప్యూటర్లో ఆ పని చేసిపెడుతుంది. పెద్ద కార్డుకి గంటలు పట్టొచ్చు. పట్టనివ్వండి! పప్పు రుబ్బుకునేలోపు సగం అవుతుంది. మనకి రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల్నో, పక్కింటి అబ్బాయినో అడిగితే తప్పేముంది?

"ఆడవాళ్లకి ఇవేం తెలుస్తాయి" అనే మాట మా ఇంట్లోనూ వినపడింది. తెలియకపోవడం కాదండీ, నన్ను ముంచింది మొహమాటం. అమ్మినతనికీ అది నకిలీ అని తెలియకపోవచ్చు. కానీ బిల్లుంటే మార్చమని నిలబడి అడగొచ్చు. వినకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో చెప్పుకోవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లినా, అయిదు లక్షల లోపు కొనుగోలుకి ఫిర్యాదు రుసుము లేదు. బిల్లు లేని నేను ఏ ముఖం పెట్టుకుని అడగను?

కార్డు పోతే డబ్బు పోయిందనుకుంటాం. మనిషి పోయాక ఆ నవ్వు మళ్లీ ఎక్కడ కొంటాం? అందుకే ముఖ్యమైనవి ఇంకోచోట కూడా దాచండి. ఈసారి కార్డు కొన్నప్పుడు మాత్రం, మొహమాటం కొట్టులోనే వదిలేసి బిల్లు ఇంటికి తెచ్చుకోండి!