ముందు పదహారున్నర సెంట్లు ఇప్పించండి

ఆంధ్రప్రదేశ్ స్పోర్ట్స్ అథారిటీ చైర్మన్ గారికి,

ఏలూరు జిల్లా, భీమడోలు మండలం, గుండుగొలను నుంచి రాస్తున్నాను.

2024–29 క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్లు, ఆసియా క్రీడల స్వర్ణానికి 4 కోట్లు ఇస్తామని మన ప్రభుత్వం ప్రకటించింది. ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. చాలా సంతోషం. బెజవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి విలువిద్యలో మూడు స్వర్ణాలు తెచ్చినప్పుడు, విశాఖ అమ్మాయి యర్రాజి జ్యోతి హర్డిల్స్‌లో రజతం తెచ్చినప్పుడు, వీళ్లకి ఎంత ఇచ్చినా తక్కువే అనుకున్నాను. కానీ మహిళల టెన్నిస్ దగ్గరికి వచ్చేసరికి నాకు ఒక్కటే ప్రశ్న. ఆ 4 కోట్లు అందుకోబోయే అమ్మాయి ఈ రాష్ట్రం నేల మీద ఎక్కడ తయారవుతోందండీ?

ఉమ్మడి రాష్ట్రంలో ఈ ప్రశ్నకి జవాబు సానియా మీర్జా. 2002లో ఆసియా క్రీడలకి బుసాన్ వెళ్లేనాటికి ఆమెకి పదహారేళ్లు కూడా నిండలేదు. లియాండర్ పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం తెచ్చింది. మరుసటేడు హైదరాబాద్‌లోనే జరిగిన ఆఫ్రో–ఏషియన్ క్రీడల్లో నాలుగు స్వర్ణాలు గెలిచింది. 2006 దోహాలో మళ్లీ పేస్‌తో స్వర్ణం, సింగిల్స్‌లోనూ టీమ్ పోటీలోనూ రజతాలు. 2010 గ్వాంగ్‌ఝౌలో మన విష్ణువర్ధన్‌తో రజతం, సింగిల్స్‌లో కాంస్యం. 2014 ఇంచియాన్‌లో మైనేని సాకేత్‌తో స్వర్ణం, ప్రార్థనా తోంబరేతో కాంస్యం. ఆ సాకేత్ పుట్టింది ఉయ్యూరులో. మాకు కొల్లేరు అవతలి వైపు. అతని మెడలో పతకం చూసినప్పుడు మా వైపు వాళ్లు ఎంత పొంగిపోయారో మీరు ఊహించుకోవచ్చు.

ఆసియా క్రీడల్లో ఆమెవి మొత్తం ఎనిమిది పతకాలు. అందులో ఐదు జంటగా ఆడి గెలిచినవే. ఇది గుర్తుపెట్టుకోమని మిమ్మల్ని వేడుకుంటున్నాను, ఎందుకంటే నేను అడగబోయేదంతా దీని మీదే ఆధారపడి ఉంది. 2016 రియో ఒలింపిక్స్‌లో బోపన్నతో సెమీఫైనల్ దాకా వెళ్లి, వీనస్ విలియమ్స్, రాజీవ్ రామ్ జంట చేతిలో ఓడి, ఆ తర్వాత కాంస్యం మ్యాచ్ కూడా పోయి నాలుగో స్థానంతో తిరిగొచ్చింది. అది కూడా డబుల్సే. ఒలింపిక్ పతకానికి మన దేశపు మహిళా టెన్నిస్ అంత దగ్గరగా ఇంకెప్పుడూ వెళ్లలేదు. 2024 పారిస్‌కి వచ్చేసరికి టెన్నిస్‌లో మన దేశం తరఫున ఒక్క అమ్మాయి కూడా లేదు.

అదే పారిస్‌లో చైనా అమ్మాయి ఝెంగ్ చిన్‌వెన్ సింగిల్స్ స్వర్ణం గెలిచింది. అంతకుముందు ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లోనూ స్వర్ణం ఆమెదే. చైనా వాళ్లు ఒక్కరోజులో అక్కడికి చేరలేదు. 2004 ఏథెన్స్‌లో లీ టింగ్, సున్ టియాన్‌టియాన్ డబుల్స్ స్వర్ణంతో మొదలుపెట్టారు. 2006లో ఝెంగ్ జీ, యాన్ జీ జంట ఆస్ట్రేలియన్ ఓపెన్, వింబుల్డన్ డబుల్స్ టైటిళ్లు రెండూ గెలిచింది. ఆ ఏడాది చివర దోహా సింగిల్స్ ఫైనల్లో సానియాని ఓడించింది ఆ ఝెంగ్ జీయే. ముందు జంటలుగా గెలిచారు, తర్వాత ఒంటరిగా గెలిచారు. మనం సానియాతో మొదలుపెట్టి, సానియాతోనే ఆపేశాం.

రిటైరవుతూ 2023 జనవరిలో రాసిన లేఖలో సానియా తన ఆరేళ్ల వయసు సంగతి ఒకటి చెప్పింది. నిజాం క్లబ్‌లో కోచ్ ఈ పిల్ల మరీ చిన్నదంటే, నేర్పాల్సిందేనని అమ్మతో కలిసి పోట్లాడిందట. ఆ తల్లీకూతుళ్లకి పోట్లాడటానికి ఒక క్లబ్బు, ఒక కోర్టు, ఒక కోచ్ ఉన్నారు. అవన్నీ హైదరాబాద్‌వి. రాష్ట్రం విడిపోయాక అక్కడే ఉండిపోయాయి. ఇవాళ దేశానికి ఆడుతున్న శ్రీవల్లి రష్మిక కూడా హైదరాబాద్ అమ్మాయే. 2025 ఏప్రిల్‌లో పుణెలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్ పోటీల్లో ఆడిన ఐదు సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచింది. యమలపల్లి సహజ అదే జట్టులో ఉంది. తెలుగమ్మాయిలకి ఈ ఆట పట్టుబడుతుందా అనే అనుమానం ఇంకెవరికీ అక్కర్లేదు.

ఇక మా వీధిలోకి రండి. పదకొండేళ్ల పిల్ల ఒకతి ఉంది. వాళ్లమ్మ తెల్లారకముందే రొయ్యల కంపెనీ బస్సెక్కుతుంది. ఈ పిల్ల బడి నుంచి రాగానే ధాన్యం గోదాం గోడ దగ్గరికి పోతుంది. గోడ మీద నేల నుంచి మూడడుగుల ఎత్తున సుద్దముక్కతో గీత గీసుకుంది. నెట్ మధ్యలో అంతే ఎత్తు ఉంటుందని ఎవరో చెప్పారట. నూగంతా రాలి నున్నబడిన బంతి, పట్టీ ఊడితే సైకిల్ ట్యూబు ముక్క చుట్టిన రాకెట్టు. ఫోర్‌హ్యాండ్ కొడుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. బ్యాక్‌హ్యాండ్ కూడా గోడే నేర్పింది. కానీ సార్, గోడ ఎంత కొట్టినా డబుల్స్ నేర్పలేదు. పక్కన మనిషి ఉంటే ఎవరి బంతి ఎవరు తీసుకోవాలి, నెట్ దగ్గర నిలబడి ఎప్పుడు అడ్డం దూకాలి, తన జంట సర్వీస్ చేస్తుంటే తను ఎక్కడ నిలబడాలి, ఇవన్నీ నలుగురు పిల్లలు ఒక కోర్టులో ఆడితే తప్ప రావు. పతకాల్లో ఎక్కువ భాగం ఎక్కడ వచ్చాయో అక్కడికి చేర్చే దారి ఈ పిల్లకి మూసి ఉంది.

టెన్నిస్ కోర్టు 78 అడుగుల పొడవు, డబుల్స్‌కి 36 అడుగుల వెడల్పు. చుట్టూ పరుగెత్తే జాగాతో కలిపితే 120 అడుగులకి 60. మా లెక్కలో పదహారున్నర సెంట్లు. ఎకరాలకెకరాలు చేపల చెరువులైపోయిన ఈ ప్రాంతంలో హైవే పక్క ఉన్నత పాఠశాలల ఆవరణల్లో అంత జాగా దొరకదా? హైవేకి దక్షిణంగా నల్లమట్టి. ఎండలకి నెర్రెలిస్తుంది, వానలకి ఉబ్బుతుంది. పైపైన సిమెంటు పోస్తే రెండో వర్షాకాలానికి పగుళ్లే. మట్టి తోడి, గ్రావెల్ పోసి, రోలింగ్ గట్టిగా చేయించి, నీళ్లు పోయే వాలు ఇచ్చాకే కోర్టు వేయించండి. ఉత్తరాన మెట్ట వైపు జాగా దొరికితే ఇంకా మంచిది. కోర్టుతో పాటు నేర్పడానికి ఒక మనిషి కావాలి, వీలైతే మహిళా కోచ్. సాయంత్రం ఏడింటి దాకా ఆడపిల్లని గ్రౌండ్‌లో ఉంచాలంటే ఇక్కడి తల్లిదండ్రులు అడిగే మొదటి మాట అదే.

మీ వరకు తీసుకురావాల్సింది ఇంకొకటి ఉంది. ఆసియా క్రీడల్లో ప్రైజ్ మనీ లేదు, ప్రపంచ ర్యాంకింగ్ పాయింట్లూ లేవు. 2014లో పేస్, బోపన్న, సోమ్‌దేవ్ ఇంచియాన్ వెళ్లలేదు. సానియా కూడా పాయింట్లు పోతాయని ముందు తటపటాయించి, తర్వాత మనసు మార్చుకుంది. ఆమె వెళ్లబట్టే ఆ స్వర్ణం వచ్చింది. వాళ్లని తప్పుపట్టలేం, ఏడాది పొడవునా సొంత డబ్బుతో తిరిగే ఆట అది. దేశం కోసం ఆడమని అడిగే హక్కు ప్రభుత్వానికి గట్టిగా ఉండాలంటే, చిన్నప్పుడు ఆ పిల్ల ఖర్చు ప్రభుత్వం కొంతైనా మోసి ఉండాలి.

ఆ ఖర్చు ఎక్కడ పడుతుందో మీకు తెలియనిది కాదు. అండర్–12, అండర్–14 ర్యాంకు రావాలంటే ఊరూరా తిరిగి టోర్నమెంట్లు ఆడాలి. ఆడకపోతే పాయింట్లు లేవు, పాయింట్లు లేకపోతే పెద్ద టోర్నమెంటులో చోటు లేదు. ఆడపిల్లని ఒంటరిగా రైలెక్కించలేం కాబట్టి వెంట తల్లి వెళ్లాలి. పిల్ల టికెట్టు ఎవరో దాత కొనిస్తారు. తల్లి టికెట్టు, ఆ వారం ఆమె పోగొట్టుకునే కూలి ఎవరిస్తారు? చేపపిల్లలు వదిలిన నాటి నుంచి మేత వేయకుండా, పట్టుబడి రోజున మాత్రం కిలోకి ఎక్కువ ధర ఇస్తామంటే మా చెరువు రైతు ఏం చేసుకుంటాడు?

2030 ఆసియా క్రీడలు మళ్లీ దోహాలోనే. అప్పటికి మా వీధి పిల్లకి దాదాపు బుసాన్ నాటి సానియా వయసు వస్తుంది. ఆమె అక్కడికి వెళ్తుందని నేను మాటివ్వలేను. అంత చిన్న పిల్ల మీద అంత బరువు పెట్టడం కూడా న్యాయం కాదు. కానీ భీమడోలు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఇలా గోడకి కొట్టుకునే పిల్లలు ఇంకెందరున్నారో మీ జిల్లా అధికారుల చేత ఒకసారి విచారించండి. నాలుగు బడుల్లో కోర్టులు వేయించండి. వచ్చే బడ్జెట్‌లో, పన్నెండేళ్లలోపు ఆడపిల్లల వెంట టోర్నమెంట్లకి వెళ్లే తల్లికి ప్రయాణ ఖర్చు, కూలి నష్టం ఇవ్వడానికి ఒక పద్దు పెట్టించండి.

ఇట్లు,
గుండుగొలను గ్రామస్థురాలు