గోల్కొండ తలుపు

తానీషా పేరు వినని ఇల్లు మన కోనసీమలో అరుదు. భద్రాచల రామదాసును చెరలో పెట్టిన నవాబుగానే మనమందరము ఆయనను ఎరుగుదుము. అసలు పేరు అబుల్ హసన్ కుతుబ్ షా. మన గోదావరి తీరము ఆ దినములలో ఆయన ఏలుబడిలోనిదే గనుక ఇక్కడి శిస్తు గోల్కొండకే చేరెడిది. ఆ రాజధాని ఎట్లు పడినదో ఈ నెల తలంచుకొందము.

ఔరంగజేబు 1686లో బీజాపూరును గెలిచి, 1687 ఆరంభములో గోల్కొండను ముట్టడించెను. ఎనిమిది నెలలు పట్టినది. మే నెలలో ఒక రాత్రి మొగలులు నిచ్చెనలు వేసి గోడ ఎక్కుచుండగా ఒక కుక్క మొరిగి కావలివారిని లేపినదట. తానీషా దానికి బంగారు గొలుసు వేయించెనని చెప్పుదురు. జూన్‌లో గోడ క్రింద సొరంగములు త్రవ్వి మందుగుండు కూరిరి. అది ప్రేలినప్పుడు రాళ్లు త్రవ్వినవారి మీదనే పడెను. మొదటి ప్రేలుడులోనే సుమారు 1,100 మంది మొగలు సైనికులు చనిపోయిరని చెప్పుదురు. ముట్టడిలోనే ఫిరంగి గుండు తగిలి మరణించిన వృద్ధ సేనాని ఖిలిచ్ ఖాన్ మనుమడే తరువాత మొదటి నిజామాయెను.

కోట పడినదనగానే ఆఖరి రాత్రి కత్తులే మనకు గుర్తుకు వచ్చును. గోల్కొండలో ఎక్కువమందిని చంపినది కత్తి కాదు. ధాన్యము దొరకలేదు, వానలకు మూసీ పొంగెను, తెగులు వచ్చెను. హైదరాబాదు ఇండ్లలోను నదిలోను శవములే. చక్రవర్తి పాళెములోను అంతే. వానలు వెలిసిన తరువాత ఎముకలు గుట్టలుగా తెల్లగా కనబడెనట. షోమ్రోను ముట్టడిలో గాడిద తలకు పలికిన వెల రాజుల రెండవ గ్రంథములో చదివినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. నిచ్చెన ఎక్కినవాడు జీతగాడు. మూసీ ఒడ్డున ఆకలితో పడిపోయిన తల్లికి ఏ రాజు పక్షమున యుద్ధమున్నది?

గోడలు మాత్రము నిలిచియే యుండెను. చక్రవర్తి పదవులు, ధనము ఆశచూపగా సరదారులు ఒక్కొక్కరే జారిపోయిరి. చివరకు పేరుగలవారిలో ఇద్దరే మిగిలిరి. వారిలో అబ్దుల్లా ఖాన్ పన్నీ 1687 సెప్టెంబరు 21న తెల్లవారక మునుపు ఒక ద్వారము తీసెను. రెండవవాడు అబ్దుల్ రజాక్ లారీ. తనకు వచ్చిన ఆశల ఉత్తరమును అతడు అంతకుముందే సైనికుల యెదుట చించివేసియుండెను. ఆ రాత్రి కొద్దిమంది అనుచరులతో ఎదురుపోయి ఒళ్లంతా గాయములతో, గుర్రము తీసికొనిపోయిన చోటికి పోయి, తోటలోని ఒక ముసలి కొబ్బరిచెట్టును పట్టుకొని క్రిందికి జారెను. గాయములు డెబ్బదికి పైగా లెక్కించిరట! కొబ్బరిచెట్టు మాట వచ్చినప్పుడు మనసు మన తోటలకు పోకుండునా? అతనిని బ్రదికించుటకు ఔరంగజేబే ఇద్దరు వైద్యులను పంపెను, ఒకడు ఐరోపావాడు, ఒకడు హిందువు. కోలుకొన్న చాలా కాలమునకు అతడును చక్రవర్తి కొలువులోనే చేరవలసి వచ్చెను. అందుకు మనము అతనిని తప్పుపట్టము.

తానీషాను దౌలతాబాదు కోటకు తీసికొనిపోయిరి. ఆయన మరల గోల్కొండను చూడలేదు, బందీగానే అక్కడ కన్నుమూసెను. మన రాజమహేంద్రవరపు సీమ శిస్తు మొగలుల ఖజానాకు మరలెను.